ప్రోగ్రాముల పుస్తకంలోంచి

2020 మార్చి 20, శుక్రవారం, విజయవాడ

పొద్దున్నుంచి నాలుగు ఫోన్లు. నాలుగూ కాన్సిలే. కరోనా అని సినిమా హాళ్లే మూయించేశారు, ఇక పందిట్లో పాట కచేరీ అంటే పోలీసులు ఊరుకుంటారా మాస్టారూ అని అందరిదీ ఒకటే మాట. వాళ్లను తప్పు పట్టడానికేం లేదు.

ఉగాదికి రెండు, నవమికి ఐదు పందిళ్లు, ఏప్రిల్, మే నెలల్లో పెళ్లిళ్లు తొమ్మిది. ఈ పుస్తకంలో ఎర్ర సిరాతో అడ్వాన్సు రాసుకున్నవి ఆరు. అందులో నాలుగు అడ్వాన్సులు అప్పుడే మనుషులకు పంచేశాను. ఎవరి అవసరం వాళ్లది, అడిగితే కాదనలేకపోయాను. ఇప్పుడు తిరిగి ఇమ్మంటే నా ఇంట్లోంచే ఇవ్వాలి.

మా ఆర్కెస్ట్రాలో పదకొండు మందిమి. పాడేవాళ్లు నలుగురు, కీబోర్డులు రెండు, బేస్ గిటారు, జాజ్ డ్రమ్స్, ప్యాడ్స్, తబలా-ఢోలక్, ఫ్లూటు. సౌండు బాక్సుల వాళ్లు, వ్యాఖ్యానం చెప్పే అబ్బాయి వేరే. నవమి పందిళ్లూ ఎండాకాలం పెళ్లిళ్లూ కలిపి రెండున్నర నెలలు. ఆ నెలల్లో వచ్చే డబ్బే అందరికీ ఏడాది బియ్యం, పిల్లల స్కూలు ఫీజులు.

2020 మార్చి 25, బుధవారం

ఉగాది. ఇవాళ్టినుంచి దేశమంతా ఇరవై ఒక్క రోజులు లాక్‌డౌన్. పచ్చడికి వేపపువ్వు మా పెరటి చెట్టుదే, మామిడికాయ మటుకు పక్కింటివాళ్లు గోడ మీంచి ఇచ్చారు. ఇరవై ఆరేళ్లలో ఉగాది సాయంత్రం నేను ఇంట్లో ఉండటం ఇదే మొదలు.

ఎవరి నుంచీ ఫోను లేదు. నేనూ చెయ్యలేదు. చేస్తే ఏం చెప్పాలి?

2020 మే 16, శనివారం

లాక్‌డౌన్ సడలిస్తారంటున్నారు, మేడ మీద గదిలో రిహార్సల్ పెట్టుకుందాం అని పిల్లలు గోల. నాకూ చేతులు దురదగానే ఉన్నాయి. రాత్రి అమ్మాయితో మాట వరసకి అన్నాను. అంతే, కసిరింది.

"నాన్నా, మా దగ్గర ఏం జరిగిందో తెలుసా?"

అది ఉండేది సియాటిల్ దగ్గర. అక్కడికి ఉత్తరంగా వంద కిలోమీటర్ల దూరంలో మౌంట్ వెర్నన్ అని ఊరు. ఆ ఊళ్లో స్కాజిట్ వ్యాలీ కోరస్ బృందం మార్చి 10న రిహార్సల్ పెట్టుకుంది. అరవై ఒక్క మంది వచ్చారు. రెండున్నర గంటలు పాడారు. వాళ్లలో ఒకరికి మూడు రోజులుగా జలుబులాంటిది ఉంది. అంతకు మించి ఎవరికీ ఏమీ లేదు. అలాంటిది ఆ ఒక్కరితో కలిపి యాభై ముగ్గురికి వచ్చింది. ముప్ఫై ముగ్గురికి పరీక్షలో తేలింది, మిగతా ఇరవై మందికి లక్షణాలను బట్టి అదేనన్నారు. ఇద్దరు పోయారు. అక్కడి ఆరోగ్య శాఖ విచారించి రాసిన రిపోర్టు నాలుగు రోజుల కిందట బయటికి వచ్చింది. అమ్మాయి అది ముందు పెట్టుకుని నాకు తెలుగులో చదివి చెప్పింది.

కుర్చీలు జానెడు ఎడంతో వేశారట. మధ్యలో విరామానికి బిస్కెట్లు, నారింజ పళ్లు పెట్టారట. అయ్యాక కుర్చీలు తలా ఒకటి మోసి సర్దారట. ఇది విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. మేడ మీద గదిలో మేం చేసేది అచ్చం అదే. బిస్కెట్ల బదులు మిరపకాయ బజ్జీలు, అంతే తేడా.

పాడేటప్పుడు నోట్లోంచి వచ్చే సన్నటి తుంపరలు కూడా ఒక కారణం కావచ్చు, గొంతు పెంచేకొద్దీ అవి ఎక్కువవుతాయి అని అందులో ఉందట. శాస్త్రం చదవకపోయినా నాకది అర్థమవుతుంది. పల్లవి ఎత్తుకున్నప్పుడు మైకు మీద స్పాంజి ఎలా తడుస్తుందో చూసినవాణ్ని.

రిహార్సల్ లేదని చెప్పేశాను. ఫ్లూటు అబ్బాయి ఒక్కడే మారు మాట్లాడకుండా "సరే మాస్టారూ" అన్నాడు.

2020 జూన్ 13, శనివారం

మూడు నెలల తర్వాత మొదటి ప్రోగ్రాం. బెంజి సర్కిల్ దగ్గర పెళ్లి. పెళ్లికి యాభై మందే అని కేంద్రం రూలు. పెళ్లికూతురి తండ్రి నిన్న రాత్రి ఫోన్ చేశారు. మర్యాదస్తుడు, అడగలేక అడిగారు.

"మాస్టారూ, యాభైలో మీ పదకొండు మందీ లెక్కకొస్తారు. మా పక్షం ఇరవై, వాళ్ల పక్షం ఇరవై అనుకున్నాం. ఎవర్ని మానుకోమనను? మేనత్తనా, మేనమామనా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన బాధా నిజమే. ఆ యాభై అన్న అంకె ఎవరో ఢిల్లీలో కూచుని మంచికే వేసింది. కాకపోతే ఆ లెక్కలో తినడానికి వచ్చినవాడూ ఒకటే, పని చెయ్యడానికి వచ్చినవాడూ ఒకటే. వాయించేవాడు పనివాడని ఆ కాగితం మీద ఎక్కడా లేదు.

ఐదుగురం వెళ్లాం. మేల్ సింగర్ ఒకరు, ఫీమేల్ ఒకరు, నేను, బేస్, తబలా బాబాయ్. జాజ్ డ్రమ్స్ వాయించే తమ్ముడికీ మిగతా వాళ్లకీ నేనే ఫోన్ చేసి చెప్పాను. తమ్ముడు ఇరవై రెండేళ్లుగా నా వెనకాల కూచుని వాయిస్తున్న మనిషి. "పర్లేదన్నయ్యా, రూలు కదా" అన్నాడు. పర్లేదన్నాడంటే బాగా తగిలిందని.

పాటలు బాగానే వచ్చాయి. అందరికీ మాస్కులు, పాడే ఇద్దరికి తప్ప. సింగర్లిద్దరూ చెరో మైకు, మధ్యలో ఆరడుగులు. యుగళగీతంలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అందుకోవాలి కదా, ఆరడుగుల దూరంలో ఇద్దరూ గోడల వైపు చూసి పాడారు.

2020 జులై 9, గురువారం

ఈ పని చేసినందుకు రాసి పెట్టుకోవాలి.

కీబోర్డులో జాజ్ వాయిద్యం మొత్తం నేనే ప్రోగ్రామింగ్ చేశాను. నలభై పాటలకి. నాలుగేళ్ల కిందట సరదాకి తమ్ముడి స్నేరు, టామ్, హైహ్యాట్ ఒక్కొక్కటీ విడివిడిగా కొట్టించి రికార్డు చేసుకున్నాను. ఆ శబ్దాలే వాడాను. చరణం ముందు తమ్ముడు వేసే రోల్ ఒకటుంది, ఎడమ చెయ్యి వెంట్రుక వాసి ఆలస్యంగా పడుతుంది, పాటకి అందం అదే. ఆ ఆలస్యం కూడా లెక్కగట్టి పెట్టాను. రెండు రాత్రులు పట్టింది.

వింటే అచ్చం వాడు వాయించినట్టే ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి "మరిది వచ్చాడా?" అంటూ వచ్చింది. గదిలో నేనొక్కణ్నే. ఏమీ అనకుండా వెనక్కి వెళ్లిపోయింది.

ఆరడుగుల ఎడం పాటిస్తే పదహారడుగుల స్టేజీ మీద పదకొండు మంది పట్టరు. నిజమే. ఐదుగురైతే పెళ్లివాళ్లు ఒప్పుకుంటారు. నిజమే. ఇవన్నీ నిజాలైనా మనసు ఒప్పుకోవడం లేదు.

2020 సెప్టెంబరు 25, శుక్రవారం

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక గాయకులు ఎస్పీ బాలుగారు పోయారు.

ఆగస్టు 5న ఆసుపత్రిలో చేరారు. ఆసుపత్రి మంచం మీంచి బొటనవేలు పైకెత్తి చూపిన ఫొటో చూసి, వచ్చేస్తారనుకున్నాం. యాభై ఒక్క రోజులు. అధిక ఆశ్వయుజం కదా, పెళ్లిళ్లు లేక ట్రూపులన్నీ ఇళ్లల్లోనే ఉన్నాయి. సాయంత్రం ఒక్కొక్కరూ మా మేడ కింద వీధిలోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. దూరం దూరంగా, మాస్కులతో, బళ్ల మీద కూచుని. నాతో కలిపి పదకొండు మందిమీ ఉన్నాం. మార్చి తర్వాత అందరం ఒకచోట కలిసింది ఇవాళే.

తబలా బాబాయ్ అన్నాడు, "ఆయన కూడా ఆర్కెస్ట్రా నుంచి వచ్చినవాడేరా." అది మాకందరికీ తెలుసు. మద్రాసులో తొలి రోజుల్లో బాలుగారు నడిపిన లైట్ మ్యూజిక్ ట్రూపులో ఇళయరాజా గిటారు, హార్మోనియం వాయించారు. గంగై అమరన్, భాస్కర్ అందులోవాళ్లే. చిన్న చిన్న స్టేజీలు, అరకొర పేమెంట్లు. తర్వాత్తర్వాత సినిమాను ఏలినవాళ్లు అలాంటి ట్రూపుల్లోనే చెయ్యి తిప్పుకోవడం నేర్చారు. ట్రూపుల్లేకపోతే రేపటి పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారు? ఒంటరిగా గదిలో ట్రాక్ పెట్టుకుని పాడితే గొంతు సాఫవుతుంది. పక్కవాడు తప్పితే పట్టుకోవడం రాదు.

2020 అక్టోబరు 18, ఆదివారం

15వ తేదీ నుంచి మూసిన హాళ్లలో సగం సీట్లు, రెండొందలకు మించకుండా, కార్యక్రమాలు చేసుకోవచ్చని కేంద్రం. బాలుగారి పేర స్వరనివాళి కోసం మేం ఎప్పుడూ వాడే హాలు చూడ్డానికి వెళ్లాను.

తెర లాగే పెద్దాయన లేడు. లైట్లు చూసే కుర్రాడు లేడు. ఊడ్చేవాళ్లు ఇద్దరుండేవారు, ఒకామే ఉంది. అందరూ కాంట్రాక్టు మనుషులు, హాలు మూతపడిన నెలలోనే వెళ్లిపోమన్నారట. ఏడు నెలలు గాలాడని తెరల మగ్గు వాసన. వాచ్‌మన్ ఒక్కడే తాళాలు తీశాడు, మోటారు వేశాడు, లైట్లు వేశాడు. "ఇప్పుడన్నీ నేనేనండి" అన్నాడు. ఆ మాటలో గర్వం లేదు, గోడు లేదు, అలసట ఉంది. కరెంటు లైన్ల మీద చెయ్యి వేసేటప్పుడు అతనికి భయంగా ఉందని నాకు కనిపించింది. లైట్ల కుర్రాడు పన్నెండేళ్లు నేర్చుకున్న పని అది.

ఒక సీటు విడిచి ఒక సీటుకి అడ్డంగా రిబ్బను కట్టారు. గుమ్మం దగ్గర సబ్బునీళ్ల బకెట్టు, జ్వరం చూసే తుపాకీ. ఈ జాగ్రత్తలన్నీ అవసరమే, నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ రిబ్బను కట్టడానికైనా మనిషి కావాలి కదా. ఉన్న మనుషుల్ని తీసేసి పని పెంచారు.

మా మైకుల పద్ధతి రాసుకుంటున్నాను, మర్చిపోకుండా. ఎవరి మైకు వాళ్లదే. హ్యాండిల్ మీద ప్లాస్టరు అంటించి పేరు. స్పాంజిలు ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం. ప్రోగ్రాం అవగానే జాలీ మర తిప్పి ఊడదీసి, సబ్బునీళ్లతో కడిగి, రాత్రంతా ఆరబెట్టాలి. శానిటైజరు నేరుగా మైకు మీద కొట్టకూడదు. లోపలికి దిగితే మైకు పోతుంది. మొదట్లో ఒకటి అలాగే పోగొట్టుకున్నాం. సౌండు అబ్బాయి ఇప్పుడు జాలీలు నాలుగూ కడిగి పెరట్లో తీగ మీద వెండిగిన్నెల్లా బోర్లిస్తాడు.

2021 మార్చి 20, శనివారం

సరిగ్గా ఏడాది. కిందటేడాది ఇదే రోజు రాసిన పేజీ తిరగేశాను.

అమ్మాయి ఫోన్లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా సంగతి చెప్పింది. ప్రపంచంలో అంత పెద్ద సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నిరుడు మార్చి 12న మూసేశారు. ఏప్రిల్ 1 నుంచి ఆర్కెస్ట్రాకీ కోరస్‌కీ జీతం లేదు. దాదాపు ఏడాది. ఈ ఏడాది కాలంలో ఆర్కెస్ట్రా వాళ్లలో పదిమందిలో నలుగురు ఆ ఊరే విడిచి వెళ్లారు, అద్దెలు కట్టలేక. పదిమందిలో ఒకరికి పైగా రిటైరైపోయారు. మామూలు ఏడాదిలో రిటైరయ్యేది ఇద్దరో ముగ్గురో. తెర దించీ ఎత్తీ చేసే స్టేజి పనివాళ్లనైతే జీతాల తగ్గింపుకి ఒప్పుకోలేదని డిసెంబరులో గేటు బయట పెట్టారట.

విని చాలాసేపు మాట్లాడలేకపోయాను. అంత చోట కూడానా! వాళ్లకి యూనియన్ ఉంది, కాంట్రాక్టు కాగితాలున్నాయి. మనకి ఉన్నది ఈ ఎర్ర సిరా పుస్తకం.

జర్మనీలో వేరే పద్ధతి ఉందంది. పని గంటలు తగ్గిపోతే మనిషిని తియ్యకుండా ఉంచుతారు. పోయిన జీతంలో 60 శాతం, పిల్లలున్నవాళ్లకి 67 శాతం ప్రభుత్వం నుంచి వస్తుంది. కరోనా కోసం పెట్టింది కాదట, ఎప్పట్నుంచో ఉన్న చట్టమే. అయితే నెలజీతం ఉన్నవాళ్లకే అది. ప్రోగ్రాముకింత అని వాయించేవాళ్లకి అక్కడా అది వర్తించదు.

నాకు అర్థమైంది ఇది. రోగాన్ని ఆపే రూలు ఒకటి, ఆ రూలు వల్ల పని పోయిన మనిషిని నిలబెట్టే రూలు ఒకటి. రెండూ ఒకే రోజు ఒకే కాగితం మీద రావాలి. మనకి మొదటిది వచ్చింది. రెండోది రాలేదు.

2021 మే 11, మంగళవారం

తబలా బాబాయ్ నిన్న రాత్రి పోయాడు. అరవై నాలుగు. టీకా మొదటి డోసు ఏప్రిల్లో వేయించుకున్నాడు.

మధ్యాహ్నం పన్నెండు తర్వాత కర్ఫ్యూ కాబట్టి పొద్దున్నే తీసుకెళ్లాం. అంత్యక్రియలకు ఇరవై మందికి మించకూడదని రూలు. ఆరుగురమే ఉన్నాం. డగ్గా మీద కప్పే ఎర్ర గుడ్డ కొడుకు తెచ్చి పాడె మీద పెట్టాడు.

ఇంక రాయలేను.

2021 ఆగస్టు 22, ఆదివారం

శ్రావణం. ముహూర్తాలు బాగున్నాయి. ప్రోగ్రాములు వస్తున్నాయి. రేటు మటుకు ఐదుగురి రేటే. ఈవెంట్ల ఆయన ఒకరు తెగేసి చెప్పారు. "ఏడాదిగా ఐదుగురితో లాగించారు కదా, పాటలు బాగానే ఉన్నాయి కదా మాస్టారూ, మళ్లీ పదకొండు మంది ఎందుకు?"

నా రెండు రాత్రుల పనికి దక్కిన ఫలం ఇది. ట్రాక్ బాగా వచ్చింది కాబట్టే ఆ మాట అనగలిగారు.

ఫ్లూటు అబ్బాయి వచ్చాడు. మేలో వాడికీ కరోనా వచ్చి తగ్గింది. మేడ మీద కిటికీలన్నీ తీసి కూచున్నాం. సంచీలోంచి ఫ్లూటు తీసి, గుడ్డతో తుడిచి, పెదవికి ఆనించాడు. మోహనలో ఆరంభం బాగానే ఉంది. తార షడ్జం పట్టి నిలపాల్సిన చోట మునుపైతే నేను కీబోర్డు మీద నాలుగు తాళావర్తాలు తిప్పేవాణ్ని, వాడు నిలిపేవాడు. ఇవాళ రెండో ఆవర్తంలో స్వరం సన్నబడి గాలైపోయింది. ఫ్లూటు దించి నేల వైపు చూశాడు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ రెండే. మూడోసారి రెండున్నర.

"రోజూ వచ్చి ఇక్కడే సాధన చెయ్యి నాన్నా" అన్నాను. "పేమెంటు ఎప్పటిలాగే. నిలిపినంతసేపు నిలుపు, మిగతాది నేను కీబోర్డు మీద అందుకుంటాను."

జాజ్ తమ్ముడు పార్శిల్ ఆటో నడుపుతున్నాడు, ఆటోనగర్ నుంచి. డ్రమ్ములు అమ్మలేదట. అటక మీద దుప్పటి కప్పి ఉన్నాయట. బేస్ తమ్ముడు ఇళ్లకి భోజనం ప్యాకెట్లు అందించే కంపెనీలో చేరాడు. పెద్ద గాయని ఆన్‌లైన్లో అమెరికా పిల్లలకి పాఠాలు చెబుతోంది, ఆవిడ ఒక్కరే కాస్త నిలదొక్కుకున్నారు. ప్యాడ్స్ కుర్రాడు ఊరు వెళ్లిపోయాడు, ఫోను కలవడం లేదు.

2022 జనవరి 18, మంగళవారం

రాత్రి 11 నుంచి మళ్లీ కర్ఫ్యూ మొదలు. మూసిన చోట వంద మంది, బయటైతే రెండొందలు. నెలాఖరు ప్రోగ్రాములు రెండు పదిన్నరకే ముగించమన్నారు. ఈసారి ఎవరూ మనుషుల్ని తగ్గించమని అడగలేదు. తగ్గించడానికి ఇంకేం మిగల్లేదు.

2022 మార్చి 31, గురువారం

కరోనా కోసం విపత్తు చట్టం కింద పెట్టిన కేంద్రం ఆంక్షలన్నీ ఇవాళ్టితో ఆఖరు. మాస్కు, చేతులు కడుక్కోవడం మటుకు కొనసాగించమన్నారు. తలల లెక్క లేదు. ఎడం లెక్క లేదు.

పుస్తకం ముందేసుకుని కూచున్నాను. రెండేళ్లలో రూలు పెట్టినప్పుడల్లా మరుసటి గంటలో నా మనుషులు తగ్గారు. రూలు తీసేశాక ఎవరంతట వాళ్లు తిరిగి రాలేదు. రారు కూడా, ఎవరో ఒకరు పూనుకుని పిలవాలి. పెళ్లివాళ్లు పిలవరు, వాళ్లకి ఏం పోయిందో తెలియదు. ప్రభుత్వం దగ్గర వీళ్ల జాబితాయే లేదు. పిలవాల్సింది నేనే. తీసింది నేనే కాబట్టి.

కీబోర్డులో జాజ్ ట్రాకులు నలభైనీ చెరిపేశాను. చెరపకపోతే మళ్లీ ఏదో ఒక రోజు వాటి మీదే ఆధారపడతానని తెలుసు.

2022 ఏప్రిల్ 10, ఆదివారం

శ్రీరామనవమి. సత్యనారాయణపురంలో పందిరి. కమిటీవాళ్లు ఇచ్చింది 26,000. ఐదుగురికైతే బాగా సరిపోయేది. ఎనిమిది మందిమి వెళ్లాం.

తమ్ముడు డ్రమ్ములు పార్శిల్ ఆటోలోనే తెచ్చుకున్నాడు. స్నేరు తోలు సడలిపోయింది, బిగించడానికి గంట పట్టింది. మొదటి రెండు పాటల్లో చెయ్యి బరువుగా ఉంది. మూడో పాటలో చరణం ముందు ఆ రోల్ వేశాడు. ఎడమ చెయ్యి నేను లెక్కగట్టిన దానికన్నా ఇంకాస్త ఆలస్యంగా పడింది. నేను కట్టిన లెక్క తప్పని ఇన్నాళ్లకు తెలిసింది. ఫీమేల్ సింగర్ పాడుతూ పాడుతూ వెనక్కి తిరిగి చూసింది.

ఢోలక్ మీద బాబాయ్ కొడుకు. ఇంకా నేర్చుకోవాలి. ఫ్లూటు మూడు ఆవర్తాలు నిలిచింది.

పేమెంటు వివరం: పాడిన ముగ్గురికి తలా 3,000. ఫ్లూటు 3,000. జాజ్ 3,000, ఆటో కిరాయి 500. బేస్ 3,000, కంపెనీకి సెలవు పెట్టి వచ్చాడు. ఢోలక్ 2,500. సౌండు బాక్సులు 5,000. నాకు లేదు.

మే 4న పెళ్లి, గుంటూరు. పది మందిమి వస్తామని చెప్పాను, ఒప్పుకున్నారు. అడ్వాన్సు 8,000 ముట్టింది. ప్యాడ్స్ కుర్రాడి ఊరు ఎవరికైనా తెలుసేమో కనుక్కోవాలి.